పాచిక కనబడని సినిమా

ఈ వ్యాసం ఒక ఇంగ్లీషు సినిమా గురించి. దాని పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్: ఆనర్ అమంగ్ థీవ్స్'. 2023లో వచ్చింది. మన పత్రికలో సినిమా గురించి రాసేవాళ్లు మామూలుగా కథ చెప్పి, ఎవరెవరు బాగా నటించారో చెప్పి ముగిస్తారు. నేను అట్లా రాయలేను. ఈ సినిమా పుస్తకంలోంచి రాలేదు, ఒక ఆటలోంచి వచ్చింది. ఆ ఆటను నేను ఒక ఎండాకాలం సెలవుల్లో ఆడాను. ఆ ఆటలో మా తమ్ముడికి జరిగిన ఒక సంగతి వల్ల, ఇదే సినిమాను మేమిద్దరం రెండు రకాలుగా చూశాం. ఎవరు చూసింది సరైనదో నాకింకా పూర్తిగా తేలలేదు. తేల్చుకుందామనే రాస్తున్నాను.

ముందు ఆట సంగతి. డంజన్ అంటే కోట కింద ఉండే చీకటి చెర, డ్రాగన్ అంటే నిప్పు కక్కే రెక్కల పాము అనుకోండి. పేరు విని ఇది కంప్యూటర్ ఆట అనుకుంటారు. కాదు. చాప మీద నలుగురైదుగురు కూర్చుంటే చాలు. ఒకరు కథ నడుపుతారు, వాళ్లను డంజన్ మాస్టర్ అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తయారు చేసుకుంటారు. దొంగ, మంత్రగాడు, పూజారి, మోటు వీరుడు, పాటలు పాడేవాడు, ఎవరైనా కావచ్చు. కథ నడిపేవాళ్లు, "మీ ముందర కోట తలుపు ఉంది, కాపలావాడు కునుకు తీస్తా ఉన్నాడు, ఇప్పుడు ఏం చేస్తారు?" అని అడుగుతారు. ఏం చేస్తామో చెప్పడం మన ఇష్టం. అది జరుగుతుందా లేదా అన్నది మాత్రం 20 ముఖాల పాచిక చెప్తుంది. మా అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇదేం దాయంరా, ఇన్ని మూలలున్నాయి?" అంది. 20 పడితే అనుకున్నది అనుకున్నట్టు అవుతుంది. 1 పడితే అందరూ నవ్వుతారు, మన పాత్ర తప్ప.

బుర్రకథ చూసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. కథకుడు చెప్తా ఉంటే పక్కన వంతలు అడ్డం వచ్చి ప్రశ్నలు వేస్తారు, హాస్యం ఆడతారు. ఈ ఆటలోనూ అంతే, కాకపోతే ఇక్కడ వంతల మాటతో కథే దారి మారిపోతుంది.

దీన్ని 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చారు. మొదటిసారి 1000 పెట్టెలే తయారు చేశారు. అక్కడినుంచి 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ చేతికి, 1999లో బొమ్మల కంపెనీ హాస్‌బ్రో చేతికి వచ్చింది. మా ఇంటికి మాత్రం మా పెద్దమ్మ కొడుకు తెచ్చాడు. అన్న బెంగళూరులో పని చేస్తాడు. హోసూరుకి అది దగ్గరే కాబట్టి సెలవుల్లో ప్రతి శనివారం వచ్చేవాడు. ఆట నియమాల్లో ముఖ్యమైన భాగాన్ని కంపెనీవాళ్లు ఉచితంగానే ఇస్తారు, దాన్ని అచ్చు తీసి తెచ్చాడు. నియమాలు ఇంగ్లీషులో ఉన్నా ఆట అంతా మా ఇంటి తెలుగులోనే నడిచింది. డ్రాగన్ కూడా "యాల వచ్చినార్రా మీరు ఈడికి?" అనే అడిగింది.

నేను దొంగని. పక్కింటి అక్క మంత్రగత్తె. తమ్ముడు మోటు వీరుడు, పేరు బండప్ప. ఒక వారమంతా నేను నోట్‌బుక్కులో ఒక పథకం రాసుకున్నాను. ఒక షావుకారు ఇంట్లోకి ఎట్లా దూరాలి, ఏ కిటికీ, ఏ తాడు, కుక్కకి ఏం పెట్టాలి అని. నాలుగు పేజీలు. శనివారం వచ్చింది. మొదటి అడుగులోనే, గోడ ఎక్కేటప్పుడు, 1 పడింది. కుక్క మొరిగింది. నాలుగు పేజీలూ పోయాయి. ఆ తర్వాత రెండు గంటలు మేము ఏం చేశామో అదే ఆ సెలవుల్లో నాకు బాగా గుర్తున్న భాగం. బండప్ప కుక్కను ఎత్తుకుని పరిగెత్తాడు, అక్క తానే షావుకారు మేనకోడలినని అబద్ధం చెప్పింది, చివరికి ఆ ఇంట్లో మాకు భోజనం పెట్టారు.

ఇట్లాంటి ఆటను సినిమా తీయడంలో కష్టం ఎక్కడుందో ఇప్పుడు చెప్పొచ్చు. ఆటలో కథ ముందే ఉండదు. సినిమాలో ముందే రాసి ఉంటుంది. ఆటలో "ఏం చేస్తావు?" అని నన్ను అడుగుతారు. సినిమాలో నన్ను ఎవరూ అడగరు, కుర్చీలో కూర్చుని చూడాలి. కాబట్టి ఆటలోంచి సినిమాకి తీసుకుపోవడానికి అసలు ఏముంది? రాక్షసుల బొమ్మలున్నాయి, ఊళ్ల పేర్లున్నాయి, మంత్రాల పట్టిక ఉంది. అవి తీసుకుపోతే సరిపోతుందా?

సరిపోదని 2000లో వచ్చిన మొదటి సినిమా చూస్తే తెలుస్తుంది. దాని దర్శకుడు కోర్ట్నీ సోలమన్. ఇరవై ఏళ్లు ఉన్నప్పుడే ఆట హక్కులు సంపాదించాడు, సినిమా తెర మీదికి రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది. అంత ఓపిక ఉన్నవాడిని తిట్టడానికి నాకు మనసు రావడం లేదు, కానీ సినిమా బాగాలేదు. ఇజ్మెర్ అనే రాజ్యం, అక్కడ మంత్రగాళ్లు పైన, మామూలు జనం కింద. అందరూ సమానంగా ఉండాలని చిన్న వయసు రాణి కోరుకుంటుంది. ప్రొఫియాన్ అనే మంత్రగాడు ఆమెను దించాలని చూస్తాడు. ఆ వేషం వేసింది జెరెమీ ఐరన్స్, ఆస్కార్ వచ్చిన నటుడు. సినిమా పొడుగునా అరుస్తూనే ఉంటాడు. ఇద్దరు దొంగలు, ఒక మంత్రగత్తె, ఒక మరుగుజ్జు వీరుడు, డ్రాగన్‌లను ఆడించే దండం, అన్నీ ఉన్నాయి. ఆటలోని వస్తువులన్నీ ఉన్నాయి, ఆట లేదు.

ఒక్క ఉదాహరణ చెప్తాను. ఆటలో బిహోల్డర్ అని ఒకటుంది. గాలిలో తేలే పెద్ద గుండు, మధ్యలో ఒక కన్ను, తల మీద కొమ్మల్లాగా ఇంకో పది కళ్లు, ఒక్కో కంటినుంచి ఒక్కో రకం చావు. అన్న ఆ పేరు ఎత్తితేనే మేము పాత్ర కాగితాలు గుండెకు హత్తుకునేవాళ్లం. ఈ సినిమాలో బిహోల్డర్ కాపలా కాస్తా ఉంటుంది. దొంగ ఒక రాయి దూరంగా విసిరితే అది చప్పుడు వచ్చిన వైపు వెళ్లిపోతుంది. అంతే! బొమ్మ తెచ్చారు, భయం తేలేదు. పుస్తకంలో ఉన్నది చూపిస్తే ఆట చూపించినట్టే అనుకున్నారు.

2023 సినిమా తీసిన ఇద్దరు దర్శకులు జొనాథన్ గోల్డ్‌స్టీన్, జాన్ ఫ్రాన్సిస్ డేలీ. ఈ డేలీ చిన్నప్పుడు 'ఫ్రీక్స్ అండ్ గీక్స్' అనే టీవీ సీరియల్లో నటించాడు. దాని చివరి భాగంలో అతని పాత్ర స్నేహితులతో కూర్చుని ఇదే ఆట ఆడుతుంది. అందుకే అనుకుంటా, ఈ సినిమా రాక్షసుల దగ్గర మొదలవదు. ఒక జైల్లో, క్షమాభిక్ష విచారణ దగ్గర మొదలవుతుంది.

ఎడ్గిన్ అనేవాడు వీణలాంటి వాద్యం వాయించే పాటగాడు, దొంగ కూడా. క్రిస్ పైన్ వేశాడు. అతనితో పాటు జైల్లో ఉన్న మోటు వీరురాలు హోల్గా, మిషెల్ రోడ్రిగ్స్ వేసింది. విచారణలో ఎడ్గిన్ తన కథంతా చెప్తాడు. మధ్యమధ్యలో జార్నథన్ అనే సభ్యుడు ఇంకా రాలేదా అని అడుగుతూనే ఉంటాడు. మంచుతుపాను వల్ల ఆలస్యం అంటారు. చివరికి జార్నథన్ వస్తాడు. అతను పక్షి మనిషి, రెక్కలున్నాయి. ఎడ్గిన్, హోల్గా వెంటనే అతన్ని పట్టుకుని కిటికీలోంచి దూకేస్తారు. వెనకనుంచి సభ్యులు అరుస్తారు, మీకు క్షమాభిక్ష ఇచ్చేశాం కదా అని.

ఇది చూసి మా అన్న కుర్చీలోంచి లేచి నవ్వాడు. ఎందుకంటే మేము ప్రతి శనివారం చేసింది ఇదే. అతను తలుపు తెరిచి పెట్టేవాడు, మేము గోడ పగలగొట్టేవాళ్లం. ఆడేవాళ్లు ఒక పథకం వేసుకున్నాక కథ నడిపేవాడి మాట వినరు. ఆ గుణాన్ని ఈ దర్శకులు పట్టుకున్నారు. సినిమాలో పాచిక ఒక్కసారి కూడా కనబడదు. ఎవరూ చాప మీద కూర్చోరు. కానీ పాచిక చప్పుడు నాకు ప్రతి పది నిమిషాలకు వినిపించింది.

వంతెన దగ్గరైతే మరీ. భూమి కింద లోతైన అగాధం, దాని మీద పాత రాతి వంతెన. జెంక్ అనే నీతిపరుడైన వీరుడు దాన్ని ఎట్లా దాటాలో వివరంగా చెప్పడం మొదలుపెడతాడు. ఏ రాయి మీద కాలు పెట్టాలి, ఏది తప్పించాలి, ఎప్పుడు నియమం మారుతుంది అని చెప్తూనే ఉంటాడు. ఈలోగా మంత్రగాడు సైమన్ కాలు అప్పటికే ఒక రాయి మీద ఉంది. వంతెన మొత్తం కూలిపోతుంది. కథ నడిపేవాడు వారమంతా కష్టపడి తయారు చేసిన చిక్కుముడి, ఒక్క నిమిషంలో పోయింది. నా నాలుగు పేజీల్లాగానే. తర్వాత ఏమవుతుందో అది ఇంకా బాగుంది. హోల్గా చేతిలో ఊతకర్రలాగా పట్టుకుని తిరుగుతున్న కట్టె, చూస్తే, రెండు చోట్ల తలుపులు తెరిచే మంత్రదండం అని తేలుతుంది. అప్పటిదాకా ఎవరికీ తెలియదు. సినిమా రాసేవాళ్లు ఇట్లా చేస్తే విమర్శకులు తప్పు పడతారు, అదృష్టం మీద కథ నడిపారంటారు. ఆట ఆడినవాళ్లకు మాత్రం తెలుసు, అది వంతెన పోగొట్టుకున్న డంజన్ మాస్టర్ చెమటలు తుడుచుకుంటూ అప్పటికప్పుడు కనిపెట్టిన దండం. ఆటలో ఇదీ నిజాయితీయే.

శవాల సన్నివేశం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఒక శిరస్త్రాణం ఎక్కడుందో తెలుసుకోవడానికి వీళ్లు పాత యుద్ధభూమికి పోయి శవాలను తవ్వుతారు. మంత్రంతో లేపితే శవం ఐదు ప్రశ్నలకే జవాబు చెప్తుంది, తర్వాత మళ్లీ లేవదు. ఇది ఆట పుస్తకంలో ఉన్న మంత్రమే, ఐదు ప్రశ్నలూ పుస్తకంలో ఉన్న లెక్కే. మన చందమామలో భేతాళుడు శవంలోంచి విక్రమార్కుణ్ణి ప్రశ్న అడుగుతాడు. ఇక్కడ తిరగేశారు, మనిషే శవాన్ని అడగాలి. అడగడం వీళ్లకు రాదు. ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, అది కూడా ప్రశ్న కిందే పోతుంది. ఇది లెక్కకొచ్చిందా అని అడిగితే అది కూడా లెక్కకొస్తుంది. ఒక శవం అయిపోయాక ఇంకోటి తవ్వాలి. 2000 సినిమా ఆట పుస్తకంలోంచి ఒక జంతువును తెచ్చుకుంది. ఇది పుస్తకంలోంచి ఒక నియమాన్ని తెచ్చుకుని, ఆ నియమం చేతిలో మనుషులు ఎట్లా తన్నుకుంటారో చూపించింది. నా దృష్టిలో రెండు సినిమాలకూ ఉన్న తేడా అంతా ఇందులో ఉంది. పేర్లు పడ్డాక కూడా కాసేపు కూర్చోండి. మిగిలిపోయిన ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని ఒక శవం ఇంకా ఎదురుచూస్తా ఉంటుంది.

అన్నకూ నాకూ ఒక చోట గొడవ వచ్చింది. డోరిక్ అనే అమ్మాయికి జంతువుల రూపం ఎత్తే విద్య ఉంది. కోటలో పట్టుబడబోయి ఈగ అవుతుంది, ఎలుక అవుతుంది, పిల్లి, జింక, అట్లా ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి మారుతూ తప్పించుకుంటుంది. చాలా బాగా తీశారు. గొడవ దాని గురించి కాదు. ఆమె ఇంకోచోట గుడ్లగూబ తల, ఎలుగుబంటి ఒళ్లు ఉన్న జంతువుగా మారుతుంది. ఆట నియమం ప్రకారం మామూలు జంతువుల రూపమే ఎత్తాలి, ఇట్లాంటి వింత ప్రాణుల రూపం ఎత్తకూడదు. అన్న సినిమా ఆపి మరీ చెప్పాడు, "ఇది తప్పు" అని. నేను అడిగాను, షావుకారు కుక్కని బండప్ప ఎత్తుకుని పరిగెత్తొచ్చని ఏ పేజీలో ఉందని. తమ్ముడు అడిగాడు, నువ్వు సరే అన్నావు కదా అని. అన్న దగ్గర జవాబు లేదు. కథ నడిపేవాడు సరే అంటే సరే, అది కూడా ఆట నియమమే. దర్శకులు ఇక్కడ కథ నడిపేవాళ్లు. శవం లెక్కలో కచ్చితంగా ఉన్నారు, ఎలుగుబంటి దగ్గర వదిలేశారు. ఎక్కడ బిగించాలో ఎక్కడ వదలాలో తెలిసినవాళ్ల పని అది.

లోపాలు లేవని కాదు. సోఫినా అనే ఎర్ర మాంత్రికురాలు ఊరికే కళ్లు పెద్దవి చేసి చూస్తుంది, ఆమెకు ఏం కావాలో తప్ప ఆమె ఎవరో తెలియదు. జెంక్ సినిమాలో అందరికంటే బాగా నవ్వించేవాడు. హాస్యం అర్థం కాని మనిషి, అడ్డంగా బండ ఉంటే పక్కకు తిరగకుండా దాని మీదుగా నేరుగా నడిచిపోతాడు. అతన్ని సగంలో పంపేశారు. హ్యూ గ్రాంట్ వేసిన ఫోర్జ్ మోసగాడని మొదటి నవ్వులోనే తెలిసిపోతుంది, ఎడ్గిన్‌కు మాత్రం ఆలస్యంగా తెలుస్తుంది. చివరి ఊరి యుద్ధం ఏ పెద్ద సినిమాలోనైనా ఉండే యుద్ధమే. ఖర్చు 150 మిలియన్ డాలర్లు అంటారు, ప్రపంచమంతా కలిపి వచ్చింది 208 మిలియన్ల దాకా. టికెట్ డబ్బులో థియేటర్ల వాటా పోను మిగిలేది తక్కువ కాబట్టి ఇది గెలిచిన సినిమా కింద లెక్కకు రాలేదు. ఆట పేరు చూసి, ఇది ఆడేవాళ్లకే అనుకుని చాలామంది రాలేదేమో. నిజానికి ఆట తెలియని పక్కింటి అత్త కూడా మాతో కూర్చుని నవ్వింది.

ఆటను తెరకెక్కించడానికి ఇంకో దారి కూడా ఉంది. క్రిటికల్ రోల్ అని అమెరికాలో డబ్బింగ్ చెప్పే నటుల జట్టు ఒకటుంది. వాళ్లు ఇంట్లో ఆడుకున్న ఆటను 2015 నుంచి జనం ముందు ఆడడం మొదలుపెట్టారు. ఆ ఆటలో పుట్టిన కథను బొమ్మల సినిమాగా తీస్తామని 2019లో చందాలు అడిగారు. అడిగింది ఏడున్నర లక్షల డాలర్లు, వచ్చింది కోటీ పదమూడు లక్షలకు పైన. అది 2022లో 'ది లెజెండ్ ఆఫ్ వాక్స్ మాకినా' పేరుతో వచ్చింది. అక్కడ పాత్రలు నిజంగా పాచిక వేసి బతికినవీ చచ్చినవీ. 'ఆనర్ అమంగ్ థీవ్స్' పాత్రల కోసం ఎవరూ పాచిక వేయలేదు, కాగితం మీద రాశారు. ఈ తేడా నాకు పెద్దదిగా అనిపించలేదు. తమ్ముడికి మాత్రం ప్రాణం పోయేంత పెద్దదిగా అనిపించింది.

ఇప్పుడు బండప్ప సంగతి చెప్పాలి. సెలవులు ముగిసే ముందు శనివారం, ఒక గుహలో బండప్ప మమ్మల్నిద్దరినీ వెనక్కి నెట్టి తానే ముందుకు పోయాడు. ప్రాణం లెక్క సున్నాకు వచ్చింది. అప్పుడు ఏం చేయాలంటే, తన వంతు వచ్చినప్పుడల్లా 20 ముఖాల పాచిక వేయాలి. 10 గానీ అంతకు మించి గానీ పడితే మంచి, తక్కువైతే చెడు. మూడు మంచివి ముందు వస్తే ప్రాణం నిలుస్తుంది, మూడు చెడ్డవి ముందు వస్తే పోతుంది. 1 పడితే రెండు చెడ్డవి కింద లెక్క. తమ్ముడికి 7 పడింది. తర్వాత 14. తర్వాత 1.

వాడు ఏడుస్తాడని మేమెవరం అనుకోలేదు. ఇంకోసారి వేస్తానన్నాడు. అన్న ఒప్పుకోలేదు. చనిపోయినవాళ్లను లేపే మంత్రాలు ఆటలో ఉన్నాయి, కానీ వాటికి వందల బంగారు నాణేల విలువ చేసే వజ్రం కావాలి, మంత్రం తెలిసిన పూజారి కావాలి. మాలో పూజారి లేడు. మా ముగ్గురి దగ్గరా కలిపి ఉన్నవి 61 నాణేలు. "వజ్రం ఎక్కడుందిరా?" అన్నాడు అన్న, మెల్లగానే అన్నాడు. తమ్ముడు లేచిపోయాడు. ఆ శనివారంతో మా ఆట ఆగిపోయింది.

ఇది మనసులో ఉండగా ఈ సినిమా చూశాం. కథలో మొదటినుంచీ ఒక పలక ఉంది. దానితో చనిపోయినవాళ్లను ఒక్కరిని లేపొచ్చు. ఎడ్గిన్ భార్యను ఎర్ర మాంత్రికులు చంపారు, ఆమెను లేపడానికే అతను ఆ పలక కోసం దొంగతనానికి పోయి జైల్లో పడ్డాడు. అంటే కథంతా ఆ పలక కోసమే. చివర్లో హోల్గాను సోఫినా కత్తితో పొడుస్తుంది. మామూలు వైద్యం పనిచేయని గాయం. హోల్గా చనిపోతుంది. తమ్ముడు అక్కడే లేచి బయటికి పోయాడు. ఎడ్గిన్ చేతిలో పలక ఉంది. భార్యా, స్నేహితురాలా? కూతురు కీరాను పెంచింది హోల్గానే. ఆ పిల్లకు అమ్మ అంటే హోల్గానే అని ఎడ్గిన్‌కు తెలుస్తుంది. పలక హోల్గాకు వాడతాడు.

నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. లోపలికి పిలిచి, హోల్గా బతికిందిలేరా అని తమ్ముడికి చెప్పాను, సంతోషిస్తాడని. వాడికి కోపం వచ్చింది. "ఆమెకైతే పలక ఉండాది" అన్నాడు.

ఆ మాటకు జవాబు చెప్పాలని రెండు రోజులు ఆలోచించాను. 2000 సినిమాలో కూడా ఒక స్నేహితుడు చనిపోతాడు, స్నెయిల్స్ అనే దొంగ. చివర్లో అతని సమాధి రాయి మీద పేరు మాయమవుతుంది, నీ స్నేహితుడు నీకోసం ఎదురుచూస్తున్నాడని చెప్తారు. ఎవరూ ఏమీ చెల్లించలేదు. అది మోసం, తమ్ముడు దాన్ని తిడితే నేనూ తిడతాను. 2023 సినిమాలో అట్లా కాదు. ఎడ్గిన్ భార్యను వదులుకుని హోల్గాను తెచ్చుకున్నాడు. అంటే వజ్రం ఇచ్చాడు. ఆట ఏ ధర అడుగుతుందో అదే ధర సినిమా అడిగింది. ఇది నా వాదన. ఇంతకంటే మంచి వాదన నాకు తట్టలేదు.

కానీ తమ్ముడి వైపునుంచి చూస్తే ఒక లోటు నాకూ కనబడింది. హోల్గా పోయినదానికీ లేచినదానికీ మధ్య కొన్ని నిమిషాలే. ఆమె లేకుండా ఒక్క పూట కూడా ఎవరూ గడపలేదు. మేము ఆ శనివారం రాత్రి బండప్ప లేకుండా అన్నం తిన్నాం. అక్క మాట్లాడలేదు. అన్న బస్సు వేళకు ముందే వెళ్లిపోయాడు. పాచికకు ఎవరి మీదా ప్రేమ లేదు, అందుకే అది చంపితే నిజంగా చంపినట్టు. ఎడ్గిన్ వాళ్ల పథకాలు ఎన్ని చెడిపోయినా, చెడగొట్టింది రచయితలే కాబట్టి చివరికి వాళ్లే చూసుకుంటారని మనకు లోపల తెలుసు. గెలుపు ఎంత బాగా రాసినా ఇది మాత్రం మారదు. ఓడిపోవడం ఎట్లా ఉంటుందో ఈ సినిమా చాలా బాగా చూపించింది, పోగొట్టుకోవడం ఎట్లా ఉంటుందో చూపించలేకపోయింది.

మొన్న ఆదివారం తమ్ముడు ఎవరికీ చెప్పకుండా సినిమా మళ్లీ పెట్టుకుని మొదటి భాగం చూశాడు. పలక సంగతి ఎప్పుడు చెప్పారో వెతుక్కున్నాడట. మొదట్లోనే చెప్పారని ఒప్పుకున్నాడు, అది న్యాయమే అన్నాడు. తర్వాత అన్న అచ్చు తీసిన కాగితాలు బయటికి తీశాడు. చనిపోయి పది రోజులు దాటకపోతే ఊళ్లో పెద్ద పూజారి చేత లేపించొచ్చని అందులో ఉంది, 500 నాణేల వజ్రం ఉంటే. ఆట ఆగిపోయింది కాబట్టి ఆటలో ఒక్క రోజు కూడా గడవలేదని వాడి లెక్క. సాంఘిక శాస్త్రం పుస్తకంలో దాచిన బండప్ప కాగితం వెనక పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నాడు, 500లో 61 పోతే 439. అన్న వచ్చే శనివారం వస్తానన్నాడు.